స్వరలిపి ముద్రణమున వరుసల నడిమి యెడము

పాట చెవికి చెందినది. స్వరలిపి కంటికి చెందినది. చెవినుండి కంటికి పాటను దాటించుటకు మానవుడు పడిన శ్రమయే సంగీత లిపి చరిత్ర. ఏ దేశమువారు స్వరమునకు ఏ గుర్తు పెట్టిరి, తాళమునకు ఏ గీత గీసిరి, గమకమునకు ఏ వంపు కల్పించిరి అను విషయములు గ్రంథములయందు విరివిగా దొరకును. కాని గుర్తునకు గుర్తునకు నడుమను, వరుసకు వరుసకు నడుమను విడువబడిన తెల్లని చోటును గూర్చి చెప్పినవారు తక్కువ. ఆ చోటు ఎంత ఉండవలెను, ఎవరు నిర్ణయింపవలెను, తప్పిన నేమగును అను ప్రశ్నలు ఐదువందల యేండ్లుగా అచ్చుపనివారిని వేధించుచున్నవి. నేడు కంప్యూటరు కూడ ఆ ప్రశ్నలకే సమాధానము చెప్పవలసి వచ్చినది. మన తెలుగు కృతులు పుటలకెక్కిన చరిత్రలో ఈ చిన్న విషయమునకు గల పెద్ద స్థానమును చూపుట ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట మన స్వరలిపి పుటపై ఎట్లుండునో తలచుకొందము. పై వరుసలో స రి గ మ ప ద ని అను అక్షరములు. వాని క్రింద సాహిత్యము. తారస్థాయి స్వరమునకు తలపై చుక్క, మంద్రస్థాయి స్వరమునకు కాలిక్రింద చుక్క. వేగమును తెలుపుటకు అడ్డగీత, తాళాంగమును తెలుపుటకు నిలువుగీత. ఇంతవరకు సులభమే. అయితే తెలుగు అక్షరము సామాన్యమైనది కాదు. అది మూడంతస్తుల మేడ. తలకట్టు, గుడి పై అంతస్తున నుండును; అక్షర శరీరము నడుమ నుండును; ఒత్తులు క్రింది అంతస్తున వ్రేలాడును. సప్తస్వరములలో 'రి', 'ని' అను రెండింటికి ముందే నెత్తిన గుడి కలదు. తారస్థాయి రిషభమునకు చుక్క పెట్టవలెనన్న ఆ చుక్క గుడిపైకి ఎక్కవలెను. సాహిత్య పంక్తిలో 'లక్ష్మి' అని గాని 'శాస్త్ర' అని గాని వచ్చినచో ఒత్తులు దిగి, దిగువ నున్న స్వరపంక్తి చుక్కలను తాకజూచును.

ఇక చిట్టస్వరములయందును, వర్ణముల ముక్తాయి స్వరములయందును స్వరపంక్తి క్రింద మరల స్వరపంక్తియే వచ్చుట కలదు. పై పంక్తిలో 'ని', సరిగా దాని దిగువ పంక్తిలో 'స' ఉన్నవనుకొనుడు. రెండింటికి సరిగా నడుమ ఒక చుక్క ఉన్నది. అది ఎవరిది? పైవానిదైనచో మంద్ర నిషాదము. క్రిందివానిదైనచో తార షడ్జము. గురువు ఎదుట కూర్చున్న శిష్యునికి ఈ సందేహము రాదు. గురువు లేక పుస్తకమే గురువైన వానికి మాత్రము చుక్క వెంట్రుకవాసి తొలగినను పాట స్థాయి తొలగిపోవును. కనుక ఆ తెల్లని చోటు వృథాగా పోయిన కాగితము కాదు. ఏది ఎవరికి చెందినదో చెప్పు పని దానిదే.

పాశ్చాత్యులు ఈ చిక్కును వేరొక మార్గమున ఎదుర్కొనిరి. పదునొకండవ శతాబ్దిలో ఇటలీ దేశపు సన్యాసి గైడో గీతలపైనను, గీతల నడుమను స్వరములనుంచు పద్ధతిని స్థిరపరచెను. కాలక్రమమున అది ఐదుగీతల వరుసగా నిలిచినది. దీనినే స్టాఫు అందురు. ఇందు స్వరము ఎంత ఎత్తున నున్నదో చూచిన చాలును, స్థాయి తెలిసిపోవును; చుక్కలతో పనిలేదు. అయితే చిక్కు మరియొక వైపునుండి వచ్చినది. స్వరము ఐదుగీతలను దాటి పైకి గాని క్రిందికి గాని పోయినచో చిన్నచిన్న ఉపగీతలను మెట్లవలె చేర్చవలెను. పై స్టాఫునుండి స్వరములు దిగివచ్చును, క్రింది స్టాఫునుండి ఎక్కివచ్చును. నడుమ సాహిత్యము నలిగిపోవును. పియానో వాద్యమున కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి స్టాఫులుండును. వాద్యబృందమునకైనచో ఒక్క పుటలో ఇరువది స్టాఫులు కూడ ఒకదానిక్రింద ఒకటి నిలువవలసి వచ్చును.

1501లో వెనిస్ నగరమున ఒట్టావియానో పెట్రూచి బహుగళ సంగీతమును మొట్టమొదట అచ్చువేసిన కీర్తి పొందెను. ఆయన గీతలను ఒక మారు, స్వరములను ఒక మారు, అక్షరములను ఒక మారు అచ్చొత్తుచుండెను. ఒకే కాగితము పలుమార్లు యంత్రము క్రిందికి పోవలెను. ఒక మారు కాగితము ఏమాత్రము జరిగినను స్వరము గీత దాటిపోవును. 1528 నాటికి పారిస్ నగరమున పియేర్ అతేఞాఁ స్వరమును, దాని వెనుక నుండు గీతల తునకను కలిపి ఒకే సీసపు అక్షరముగా పోతపోయించి, ఒక్క అచ్చుతోనే పని ముగించెను. పని చౌకయైనది గాని గీతలు అతుకులబొంతలయ్యెను. తరువాత లోహపు రేకులపై చెక్కి అచ్చొత్తు విద్య వృద్ధిచెందినది. ఐదు మొనలుగల పనిముట్టుతో ఐదు గీతలను ఒక్కసారిగా గీయుదురు. ఈ పనివాడు ఉలి పట్టుటకు ముందే పుటనంతయు కొలిచి, ఏ స్టాఫు క్రింద ఎంత చోటు విడువవలెనో గుర్తు పెట్టుకొనును. ఉపగీతలెక్కువగా నున్న చోట ఎడము పెంచును, లేనిచోట తగ్గించును. ఈ వివేకము ఏ పుస్తకమున చదివినది కాదు. పది పండ్రెండేండ్లు గురువు ప్రక్కన కూర్చుండి నేర్చినది.

మన దేశమునకు వత్తము. తాటాకుపై గంటముతో వ్రాసిన కాలమున పదమునకు పదమునకు నడుమ కూడ చోటు విడుచు ఆచారము లేదు. వ్రాసినవాడును, పాడువాడును ఒకే గురుకులమువారు. వ్రాత జ్ఞాపకమునకు ఊతకఱ్ఱ మాత్రమే. త్యాగరాజస్వామివారి (1767–1847) శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతారు (1781–1874) గురువుగారి కృతులను శ్రద్ధతో వ్రాసి భద్రపరచిరి. ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతారు ఆ సంపదను కాపాడిరి. వాలాజాపేట వ్రాతప్రతులు తరువాత మధుర సౌరాష్ట్ర సభకు చేరినవి. ఈ వ్రాతప్రతులు చూచి పాడవలెనన్న ముందే పాట తెలిసియుండవలెను. అది వాని లోపము కాదు. వాని కాలపు మర్యాద.

ముద్రణము వచ్చిన పిదప ఈ మర్యాద మారిపోయినది. పుస్తకము కొనువాడు ఎవరో, ఎక్కడివాడో అచ్చువేసినవారికి తెలియదు. 1859లో వీణ రామానుజయ్య రచించిన 'సంగీత సర్వార్థ సార సంగ్రహము' తెలుగున వెలువడినది. ఆ శతాబ్ది చివరి భాగమున మదరాసునందు తచ్చూరు సింగరాచార్య సోదరులు స్వరసహితములైన గ్రంథములను వరుసగా ప్రకటించి, విద్యార్థిలోకమునకు మహోపకారము చేసిరి. ఆనాటి కంపోజిటరు పని ఊహించుకొనుడు. సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి పేర్చవలెను. పంక్తికి పంక్తికి నడుమ పలుచని సీసపు రేకులు దూర్చి ఎడము చేయవలెను. స్వరము క్రింద దానికి తగిన సాహిత్యాక్షరమే రావలెను. కాగితపు వెల తలచుకొని యజమాని రేకులు తీసివేయుమనును. పాడువాని తలచుకొని పండితుడు మరియొక రేకు వేయుమనును. స్వరలిపి గ్రంథముల వెనుక ఈ పెనుగులాట ఎల్లప్పుడును ఉన్నదే.

ఇచ్చట మన ఉద్యోగివర్గము ప్రత్యేకముగా స్మరింపవలసిన ఒక మహనీయుడు కలడు. ఆయన ఏ. ఎమ్. చిన్నస్వామి ముదలియారు. మదరాసు సచివాలయమున సూపరింటెండెంటుగా పనిచేసినవారు, ఎమ్.ఏ. పట్టభద్రులు, క్రైస్తవులు. మాతృభాష తెలుగు కాకున్నను తెలుగు కృతుల కొరకు జీవితమును ధారవోసిరి. పగలెల్ల కచేరి దస్త్రములతో గడపి, తక్కిన కాలమును సంగీతమున కర్పించిరి. మన సంగీతమును ఐదుగీతల లిపిలో పెట్టినచో ప్రపంచమున ఎవరైనను చదివి పాడగలరని ఆయన విశ్వాసము. వాలాజాపేట కృష్ణస్వామి భాగవతారిని ఆశ్రయించి, త్యాగరాజ కృతులను విని, స్టాఫు లిపిలో వ్రాసికొనిరి. 1892–93 ప్రాంతమున 'ఓరియంటల్ మ్యూజిక్ ఇన్ యూరోపియన్ నొటేషన్' అను పేర సంచికలుగా ప్రకటింపసాగిరి. ఇందుకై ఆవే మరియా అను ముద్రణాలయమునే నడిపిరి.

ఆ పనిలోని కష్టము బయటివారికి తెలియనిది. మన గమకము ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారును, ఊగును, నొక్కి లేచును. స్టాఫులోని మెట్లు ఈ జారుడునకై కట్టినవి కావు. ఉన్నది ఉన్నట్లు వ్రాయబోయిన ఒక్క అక్షరముపై ఎన్నో సూక్ష్మ స్వరములు గుంపుగా చేరును. అవి పైకి క్రిందికి విస్తరించును. సాహిత్యము దూరముగ తొలగును. సాహిత్యమును దగ్గరకు తెచ్చిన స్వరములు దానిపై పడును. ఇట్టి పుటలను సిద్ధముచేసి, అచ్చు చిత్తులను దిద్దుచు, ముదలియారు తన ధనమును, చివరకు చూపును కూడ కోల్పోయిరి. జీతముపై బ్రతుకు గుమాస్తా కుటుంబమునకు సొంత ముద్రణాలయమన్న ఎంత బరువో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. తలచిన పనిలో కొంతభాగమే వెలుగు చూచినది.

అయినను ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. తనకు సాధ్యముకాని కార్యమును సాధింపగల మరియొకరిని ఆయన కనుగొనిరి. ఆ మరియొకరే సుబ్బరామ దీక్షితులు (1839–1906). ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితుల దౌహిత్రులై, వారికే దత్తపుత్రులైనవారు. ఎట్టయపురపు ఆస్థాన విద్వాంసులు. ఇంటి సొత్తైన విద్యను బయట పెట్టుటకు మొదట ఆయన సందేహించిరి. 1899లో ఎట్టయపురమున పట్టాభిషేకము జరిగినపుడు ముదలియారు అచటికేగి, దీక్షితుల విద్య వారితోనే అంతరింపకుండ గ్రంథరూపమున నిలుపవలెనని ప్రభువును వేడుకొనిరి. ప్రభువు అంగీకరించెను. సంస్థానపు విద్యావిలాసినీ ముద్రణాలయమున 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడినది. సుమారు 1,700 పుటల గ్రంథము. తమిళదేశపు నడిబొడ్డున అచ్చయినను ఆద్యంతము తెలుగు లిపి. ముత్తుస్వామి దీక్షితుల కృతులే ఇందు రెండువందలకు పైగా స్వరసహితముగ నిలిచినవి.

దీక్షితులు స్టాఫు లిపిని అనుసరింపలేదు. స రి గ మ అక్షరములనే ఉంచి, గమకములకు మాత్రము ప్రత్యేక చిహ్నములను స్వరములపై చేర్చిరి. కంపితమునకు అలవంటి గీత. స్ఫురితమునకు త్రికోణముగా మూడు చుక్కలు. ప్రత్యాహతమునకు అదే త్రికోణము తలక్రిందుగా. పైకి పోవు జారునకు ఎక్కు వాలుగీత, క్రిందికి వచ్చు జారునకు దిగు వాలుగీత. వళికి వింటివంటి వంపు. పాశ్చాత్యులకు గుర్తు ఎత్తును చెప్పును. దీక్షితుల గుర్తు స్వరము నడకను చెప్పును. ఇది గొప్ప మలుపు.

అయితే ఆ పుటను ఒక్కసారి అచ్చుపనివాని కంటితో చూడుడు. అడుగున సాహిత్యము, దానికి వ్రేలాడు ఒత్తులు. దానిపై స్వరాక్షరము. స్వరమునకు స్థాయిచుక్క. దానితోపాటు గమకచిహ్నము. స్ఫురితపు మూడు చుక్కలకును, తారస్థాయి చుక్కకును ఎడము చెడినచో చుక్కలు నాలుగగును, అర్థమేమియు తెలియదు. ఒక్క పంక్తి ఇన్ని అంతస్తులు కట్టుకొని నిలువవలెను. దానిపై పంక్తికి తగులరాదు. చిన్న పట్టణపు సంస్థాన ముద్రణాలయము ఇట్టి పనిని 1,700 పుటల పొడవున చేయుట సామాన్య విషయము కాదు. ఆ అక్షరములు పేర్చిన కంపోజిటర్ల పేర్లు లోకమునకు తెలియవు. వారి చేతులలోని ఓర్పు మాత్రము నేటికిని ఆ పుటలపై చదువవచ్చును.

ఆ గ్రంథపు ప్రభావము దక్షిణమున ఆగిపోలేదు. 1904లోనే బొంబాయినుండి దక్షిణదేశ యాత్రకు వచ్చిన విష్ణు నారాయణ భాతఖండే ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులను దర్శించిరి. తరువాత హిందూస్థానీ సంగీతమునకు ఆయన కూర్చిన లిపిలో కోమల స్వరమునకు అక్షరము క్రింద గీత, మంద్రస్థాయికి అక్షరము క్రింద చుక్క, ఒకే మాత్రలోని స్వరములను కలుపుటకు మరల క్రిందనే వంపుగీత. మంద్రస్థాయి కోమల నిషాదము వచ్చిన, అక్షరము క్రింద ఎన్ని అంతస్తులు లేచునో, క్రింది పంక్తిని ఎంత దింపవలెనో చదువరులే ఊహింపగలరు. 1916లో భాతఖండే ప్రోత్సాహమున మొదటి అఖిలభారత సంగీత మహాసభ బరోడాలో జరిగినది. మనము నివసించు ఈ గుజరాతు రాష్ట్రమున అంతకు ముందే స్వరలిపి ప్రయత్నములు జరిగియుండెను. బరోడా ఆస్థాన విద్వాంసుడు మౌలాబక్షు (1833–1896) మైసూరున కర్ణాటక సంగీతమును నేర్చి వచ్చి, తానొక లిపిని కల్పించి, 1886లో బరోడాలో గానశాలను స్థాపించెను. మన సంగీతమునకును, ఈ నేలకును గల సంబంధము నిన్న మొన్నటిది కాదని దీనివలన తెలియును.

'ప్రదర్శిని' ఒక్కమారు అచ్చయిన పిదప చాలకాలము దుర్లభమైపోయినది. మదరాసు సంగీత అకాడమి 1961లో తమిళ లిపిలో మొదటి సంపుటమును ప్రకటించి, 1983 వరకు ఐదు సంపుటములుగా పూర్తిచేసినది. ఒక లిపినుండి మరియొక లిపికి మార్చుట కేవలము అక్షరములు మార్చుట కాదు. పుట పుటను మరల కొలిచి, మరల పేర్చవలెను. ఇరువది రెండేండ్లు పట్టిన పనిలో ఈ శ్రమకును పాలు గలదనుటలో సందేహము లేదు.

ఇక కంప్యూటరు యుగము. 1977లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డు క్నూత్ తన గ్రంథపు అచ్చు చిత్తులు వికారముగ నుండుట చూచి విసిగి, తానే అక్షరముల కూర్పునకు ఒక సాధనమును నిర్మింపబూనెను. 1978లో 'టెక్' అను పేర దాని మొదటి రూపము వెలువడినది. అందలి మూలభావము చక్కనిది. అక్షరములు, పంక్తులు పెట్టెల వంటివి. వాని నడుమ నుండు ఎడము జిగురు వంటిది. ప్రతి ఎడమునకు ఒక సహజమైన కొలత, అవసరమైన సాగుటకు ఒక మేర, కుదియుటకు ఒక మేర ఉండును. పుట మొత్తము చక్కగా కుదురునట్లు యంత్రము ఈ ఎడములను తానే సర్దును. అనగా కంపోజిటరు చేతిలోని సీసపు రేకు ఇప్పుడొక సంఖ్యగా మారినది.

సంగీతమునకు ఈ భావమును సమగ్రముగ అన్వయించినవారు హాలెండు దేశీయులు ఇద్దరు, హాన్‌వెన్ నీన్‌హౌస్, యాన్ నియూవెన్‌హౌజెన్ అనువారు. వీరు 1996లో 'లిలిపాండ్' అను స్వేచ్ఛా సాధనమును ఆరంభించిరి. ఎవరైనను వెల లేకయే వాడుకొనవచ్చును. చేతితో చెక్కిన పాత ప్రతుల సొగసును యంత్రముచే చేయింపవలెనన్నది వారి పట్టుదల. 2011లో వెలువడిన 2.14 సంచికలో వరుసల నడిమి యెడమును నిర్ణయించు పద్ధతి స్పష్టమైన రూపము దాల్చినది.

ఆ పద్ధతిని మన మాటలలో చెప్పుకొనవచ్చును. స్టాఫులోని రెండు ప్రక్కప్రక్క గీతల నడిమి దూరమే కొలమానము. రెండు స్టాఫుల నడుమ నాలుగు విషయములు చెప్పవలెను. మొదటిది మూలదూరము, అనగా అడ్డంకులేవియు లేనప్పుడు ఒక స్టాఫు నడిగీతనుండి తరువాతి స్టాఫు నడిగీతకు ఉండవలసిన దూరము. రెండవది కనీసదూరము, పుట ఎంత కిక్కిరిసినను ఇంతకు తగ్గరాదు. మూడవది అంచువెలితి; పై వరుసలో అన్నిటికన్న క్రిందికి దిగిన గుర్తునకును, క్రింది వరుసలో దాని కెదురుగా పైకి లేచిన గుర్తునకును నడుమ తప్పక మిగులవలసిన తెలుపు. నాలుగవది సాగుబడి; పుటలో చోటు మిగిలినచో ఏ ఎడము ఎంతగా సాగవచ్చునో తెలుపునది. గుంపుగా చేర్చబడని స్టాఫులకు ఆ సాధనము సాధారణముగా తీసికొను మూలదూరము 9, కనీసదూరము 8, అంచువెలితి 1. స్టాఫు ఎత్తు 20 పాయింట్లు, అనగా సుమారు 7 మిల్లీమీటర్లు అయినప్పుడు, నడిగీతనుండి నడిగీతకు 45 పాయింట్లు, అనగా సుమారు 16 మిల్లీమీటర్లు వచ్చును. ఇవి ఆజ్ఞలు కావు. కూర్పరి తన అవసరమును బట్టి మార్చుకొనవచ్చును.

సాహిత్యపంక్తి విషయమున ఆ శిల్పులు చూపిన వివేకము మరింత మెచ్చదగినది. సాహిత్యమునకు ఐదుగీతలు లేవు. అది స్టాఫు కాదు. కనుక దానికి ఒక 'చుట్టరికము' కల్పించిరి. ఈ పంక్తి పై స్టాఫునకు చెందినదా, క్రింది స్టాఫునకు చెందినదా, రెంటికి నడుమ సమముగ నుండవలసినదా అని ముందే చెప్పవలెను. చుట్టమైన స్టాఫునకు అంచువెలితి 0.5 మాత్రమే, చుట్టము కాని స్టాఫునకు 1.5. అనగా పరాయివానికి విడుచు చోటు తనవానికి విడుచు చోటునకు మూడు రెట్లు. మంద్ర నిషాదమా, తార షడ్జమా అని మనమడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. దగ్గరగా నున్నది తనవానిదని కన్ను నమ్మును. కన్ను నమ్మునట్లు ఎడమును అమర్చుట లిపికారుని ధర్మము. చెక్కుడు పనివాడు అనుభవముతోను, ఎట్టయపురపు కంపోజిటరు ఓర్పుతోను చేసిన నిర్ణయమును యంత్రము మూడు నాలుగు అంకెలలో పెట్టినది.

అయినను మన తెలుగు స్వరలిపికి ఇట్టి భాగ్యము ఇంకను పూర్తిగా పట్టలేదు. తెలుగు అక్షరములకు యూనికోడు పట్టికలో 1991లోనే స్థానము దొరకినది గాని, తెలుగు విభాగమున స్థాయిచుక్కలకు వేరుగా చోటు లేదు. అన్య విభాగమునుండి చుక్కను తెచ్చి చేర్చినచో అది గుడితో ఢీకొనుటయో, ప్రక్కకు తొలగుటయో తరచుగా జరుగును. సామాన్య వ్రాతసాధనములు ప్రతి పంక్తికిని ఎత్తైన అక్షరమును బట్టి ఎడమును తామే పెంచుచు తగ్గించుచు పోవును. ఒకచోట సాహిత్యము స్వరమునకు దగ్గరగను, వేరొకచోట తరువాతి పంక్తికి దగ్గరగను పడును. యంత్రము చేసినది కదా అని మనము సరిపెట్టుకొందుము. ఆ పుటను చూచి పాడు పిల్లవాడు మాత్రము తడబడును.

ఈ విషయము సూరతు ప్రాంతపు తెలుగువారమైన మనకు దూరమైనది కాదు. పల్సాణా తాలూకాలోని జోల్వా మొదలుకొని సూరతు నగరపు పేటల వరకు వస్త్ర పరిశ్రమను నమ్ముకొన్న తెలుగు కుటుంబము లెన్నియో కలవు. వారిలో తెలంగాణమునుండి వచ్చిన నేతపనివారి సంఖ్య పెద్దది. కేంద్ర ప్రభుత్వోద్యోగ వశమున బదిలీపై వచ్చిన మనవంటివారు వారికి తోడైనారు. మగ్గముపై పడుగు పోగులను పన్నె విడివిడిగా నిలుపును. పన్నె పళ్ళ నడిమి యెడము చెడినచో బట్ట చెడును. పోగులను మగ్గమున కతుకుటను నేతవారు అచ్చు అతుకుట యందురు. ముద్రణమునకును అచ్చు అనియే మన పేరు. ఎడమునకు గల విలువ నేతవానికి వేరుగా నేర్పనక్కరలేదు.

ఇంకొక విశేషము గమనింపదగినది. త్యాగరాజ కృతులను వ్రాసి కాపాడిన వేంకటరమణ భాగవతారు సౌరాష్ట్ర కులజులు. ఆ కులమువారు పూర్వము గుజరాతు ప్రాంతమునుండి దక్షిణమునకు వలసపోయిన పట్టునేతవారని వారి సంప్రదాయము చెప్పును. గుజరాతునుండి పోయిన నేతవారి బిడ్డ ఒకడు తెలుగు పాటను కావేరీ తీరమున కాపాడెను. నేడు తెలుగు నేతవారు తాపీ తీరమునకు వచ్చియున్నారు. ఇచ్చట పుట్టిన తెలుగు పిల్లలకు పాటను అందించు బాధ్యత ఎవరిది? సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము పాఠశాలలు నడుపుచు వచ్చినది గనుక అక్షరములు నేర్చుకొను వీలు ఈ ఊరిలో లేకపోలేదు. సంగీత గురువులు మాత్రము అన్ని పేటలకును దొరకరు. ఒకరి పుస్తకమునుండి మరియొకరు తీసికొన్న జెరాక్సు ప్రతులే పలువురకు గురువులు. ప్రతికి ప్రతి తీయగా చుక్కలు మాసిపోవును, వరుసలు ఒకదానిపై ఒకటి ముద్దయగును. నాలుగవ ప్రతి నాటికి మంద్రమేదో తారమేదో తెలియదు.

కావున మన సంఘములు పండుగలకును, త్యాగరాజ ఆరాధనకును స్వరపత్రములు సిద్ధముచేయునపుడు కొన్ని నియమములు పాటించుట మేలు. పంక్తుల ఎడమును యంత్రము ఇష్టమునకు విడువక స్థిరమైన కొలతగా నిర్ణయింపవలెను. స్వరమునకు దాని సాహిత్యము దగ్గరగా నుండవలెను. ఆ జంటకును తరువాతి జంటకును నడుమ అంతకు మూడురెట్ల తెలుపు విడువవలెను. స్వరపంక్తి ఒక పుట చివరను, దాని సాహిత్యము మరుపుట మొదటను పడరాదు. కాగితము మిగుల్చుటకై వరుసలను కుదించుట కన్న, అక్షరమును కొంచెము చిన్నది చేసి ఎడమును కాపాడుట లెస్స. అన్నిటికన్న ముఖ్యముగ, ఆ పాట రానివానిచేత ఒకమారు చూచి పాడించి, తడబడిన చోటనెల్ల ఎడమును దిద్దవలెను. పాట వచ్చినవాడు పుటలోని తప్పును చూడజాలడు. అతని జ్ఞాపకము దానిని కప్పివేయును.

ఇవన్నియు చిన్న పనులే. చిన్నస్వామి ముదలియారు కచేరి పని ముగించుకొని వచ్చి, దీపపు వెలుగున కన్నులు పోవునంతవరకు చేసిన పని కూడ ఇట్టి చిన్న పనుల కూడికయే. ఆయనకు లేని సాధనములు నేడు మన బల్లలపై నున్నవి. ఒక పుటను మరల పేర్చుటకు ఆనాడు దినములు పట్టెడిది. నేడు ఒక అంకె మార్చిన చాలును. మన సంఘ సభ్యులు తమతమ యిండ్లలోనున్న పాత స్వరపత్రములను, పెద్దలు చేతితో వ్రాసిపెట్టిన పుస్తకములను వెదకి తీసి, వానిని స్పష్టమైన ఎడములతో మరల కూర్చి, ఒక్కొక్క ప్రతిని సంఘ గ్రంథాలయమునకు సమర్పింతురు గాక. పది పాటలు ఇట్లు నిలిచినను ఈ సంచిక వెలువరించిన శ్రమ ఫలించినట్లే యగును.